గరికపాడు దగ్గర రెండు కాగితాలు



మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మా ఇంటి ఎదురుగా ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. నాలుగంతస్తులు. గదికి ముగ్గురో నలుగురో. పొద్దున లేస్తే రెయిలింగుల నిండా తువ్వాళ్ళు, గేటు ముందు క్యాబ్‌ల హారన్లు. మైండ్‌స్పేస్‌కి కొందరు, సైబర్ టవర్స్‌కి కొందరు, గచ్చిబౌలికి కొందరు. ఒక చేత్తో ఐడీ కార్డు మెళ్ళో వేసుకుంటూ, ఇంకో చేత్తో ఇడ్లీ నోట్లో పెట్టుకుంటూ పరుగెత్తే పిల్లలు.

2020 మార్చి 25వ తేదీ మీకు గుర్తుందా? ఆ రోజు ఉగాది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. పంచాంగం వాళ్ళు ఆ పేరు అప్పుడే పెట్టింది కాదు, అరవయ్యేళ్ళకోసారి వచ్చేదే. కానీ ముందు రోజు రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలోకి వచ్చి, ఈ అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. తెలంగాణలో అయితే 22వ తేదీ జనతా కర్ఫ్యూ నుంచే గడప దాటడం లేదు.

ఉగాది పొద్దున వేపపువ్వు కోసం బాల్కనీలోకి వెళ్ళాను. ఎదురు గేటు దగ్గర క్యాబ్‌లు లేవు. సూట్‌కేసులున్నాయి. హాస్టల్ ఆయన, మెస్ కట్టేస్తున్నాం, వంటవాళ్ళు వెళ్ళిపోయారు, కూరగాయలు దొరకట్లేదు, ఇళ్ళకి వెళ్ళిపోండి అన్నాడట. ఆయన్ని తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు, అరవై మందికి అన్నం ఎక్కణ్ణుంచి తెస్తాడు అనిపించింది. మాదాపూర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, ఎక్కడ చూసినా అదే కథ. ఇళ్ళకి వెళ్ళాలి. బస్సు లేదు, రైలు లేదు. ఎలా వెళ్తారు?

ఏదో ఒకటి చెయ్యాలని పోలీసులు కాగితాలివ్వడం మొదలుపెట్టారు. ఎన్‌వోసీ అన్నారు. అంటే, ఈ మనిషి ఊరికి వెళ్ళడానికి మాకు అభ్యంతరం లేదు అని. అంతే, స్టేషన్ల ముందు వందల మంది. దూరం దూరంగా ఉండమన్న రోజునే ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి లైన్లో నిలబడ్డారు. ఎదురింటి హాస్టల్ అమ్మాయి ఒకతె, కంచికచర్ల దగ్గర ఊరు తనది, మధ్యాహ్నం రెండింటికి ఆ కాగితం పట్టుకొచ్చింది. నాకు చూపించింది. చేత్తో రాసిన పేరు, కారు నంబరు, కింద సంతకం, దాని మీద నీలం ముద్ర. చెమటకి ముద్ర అంటుకుపోతుందని పాలిథిన్ కవర్లో పెట్టింది. మా ఉగాది పచ్చడి ఒక చెంచా నోట్లో వేసుకుని, మరో ముగ్గురితో కలిసి కారెక్కింది.

ఆ కాగితాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ పూట నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో కోదాడ దాటాక, జగ్గయ్యపేటకి ముందు, గరికపాడు అని ఊరు. అక్కడ చెక్‌పోస్టు. మన దగ్గర నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ఆ సాయంత్రం హైదరాబాద్ కాగితాలన్నీ అక్కడ ఆగిపోయాయి. ఇది తెలంగాణ పోలీసుల కాగితం, మాకు చెప్పలేదు, పరీక్ష లేకుండా ఎవరినీ రానివ్వం అన్నారు ఆంధ్రప్రదేశ్ అధికారులు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. జబ్బు ఎవరిలో ఉందో ఎవరికి తెలుసు? ఇటు మంత్రి కేటీఆర్, అటు మంత్రి బొత్స సత్యనారాయణ ఫోన్లలో మాట్లాడుకున్నారు. ముఖ్యమంత్రులిద్దరూ మాట్లాడుకున్నారు. హాస్టళ్ళు ఖాళీ చేయించొద్దని ఇక్కడి ప్రభుత్వం గట్టిగా చెప్పింది. ఇచ్చిన ఎన్‌వోసీలు చెల్లవని తెలంగాణ పోలీసులే ప్రకటించారు. మధ్యాహ్నం ముద్ర పడిన కాగితం రాత్రికి చిత్తుకాగితమైంది. కొందర్ని అటువైపు క్వారంటైన్‌కి తీసుకెళ్ళారు. చాలామంది వెనక్కి తిరిగారు. మా ఎదురింటి అమ్మాయి తెల్లారేసరికి మళ్ళీ ఎదురు గేటు దగ్గర ఉంది.

ఇంతకీ అప్పటి నియమం ఏమిటి? తెలంగాణలో నిత్యావసరాలకి ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటొద్దు. రాత్రి ఏడు తర్వాత అసలు బయటికే రావద్దు. మా ఇంటి నుంచి లెక్కేస్తే మూడు కిలోమీటర్లంటే శిల్పారామం దాకా అనుకోండి. అది దాటితే బండి స్టేషన్లో ఉంటుంది. మార్చి 24న ముఖ్యమంత్రి కేసీఆర్ విలేకరుల సమావేశం పెట్టి, వినకపోతే కనిపిస్తే కాల్చే ఉత్తర్వులు కూడా ఇవ్వాల్సి వస్తుందని హెచ్చరించారు. ఆ మాటే అందరికీ గుర్తుంది. అదే సమావేశంలో ఆయన ఇంకో మాట కూడా అన్నారు. రోడ్ల మీద పోలీసులు, మునిసిపాలిటీ వాళ్ళు తప్ప ఎవరూ కనిపించట్లేదు, ప్రజాప్రతినిధులు ఎక్కడున్నారు, కార్పొరేటర్లు, ఎమ్మెల్యేలు బయటికి రారా అని.

చూశారా తిరకాసు? మనకేమో ఇంట్లో ఉండండి. నాయకులకేమో బయటికి రండి. అది తప్పు కాదు. బియ్యం పంచాలి, కూరగాయలు పంపాలి, జనానికి ధైర్యం చెప్పాలి. నాయకుడు ఇంట్లో కూర్చుంటే కరోనాకి భయపడి దాక్కున్నాడంటాం. బయటికొస్తే గుంపుని వెంటేసుకున్నాడంటాం. వాళ్ళ కష్టం కూడా కాస్త ఉంది లెండి.

కానీ బయటికి రావడం వేరు, ఊరేగడం వేరు.

ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు పెట్టమన్నారు ప్రధానమంత్రి. గుమ్మంలోనో బాల్కనీలోనో పెట్టండి, వీధుల్లోకి రావద్దు, గుంపు కట్టొద్దు అని విడమరిచి చెప్పారు. మేమూ మిద్దె మీద ప్రమిదలు పెట్టాం. గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ అదే రాత్రి అనుచరులతో కాగడాలు పట్టుకుని, చైనా వైరస్ వెళ్ళిపో అని నినాదాలు చేస్తూ వీధిలో నడిచారు. తమ పార్టీ ప్రధానమంత్రి చెప్పిన మాటే అది. సగం విన్నారు, సగం వదిలేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో ఇంకా పెద్ద బొమ్మలు కనిపించాయి. చిత్తూరు జిల్లా పుత్తూరులో ఒక కాలనీలో బోరు ప్రారంభించడానికి నగరి ఎమ్మెల్యే రోజా వెళ్ళారు. వీధికి రెండు వైపులా జనం బారులు తీరి, ఆమె నడుస్తుంటే కాళ్ళ ముందు పూలు చల్లారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నీళ్ళొచ్చిన సంతోషంలో జనం అభిమానంతో చేశారు అన్నారు ఆమె తరఫువాళ్ళు. కావచ్చు. వేసవిలో కొత్త బోరు విలువ బిందె మోసినవాళ్ళకి తెలుస్తుంది. కానీ అంతమంది, అన్ని పూలు, ఆ వరస, ముందు ఎవరూ చెప్పకుండానే కుదిరిందంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. శ్రీకాళహస్తిలో ఎమ్మెల్యే బియ్యపు మధుసూదన్ రెడ్డి సరుకులు పంచడానికి ట్రాక్టర్లను బారుగా నడిపించారు. సరుకు పంచడానికి ట్రాక్టరు కావాలి, నిజమే. బారెందుకు? వీళ్ళిద్దరితో పాటు మరో ముగ్గురు అప్పటి అధికారపార్టీ వైయస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేల మీద ఒక న్యాయవాది హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. నియమం పెట్టిన ప్రభుత్వం వాళ్ళ పార్టీదే. అందుకే ఆ ఆరోపణకి అంత బరువు.

ప్రయాణం సంగతికొద్దాం. ఏప్రిల్ 11న విజయవాడలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్ ప్రమాణం చేశారు. చెన్నై నుంచి రోడ్డు మీద వచ్చారు. సరిహద్దులో మా పిల్లల్ని ఆపారు కదా, ఈయన ఎలా వచ్చారు, పద్నాలుగు రోజులు ఎక్కడున్నారు అని ప్రతిపక్షం అడిగింది. ఆయన రాజకీయ నాయకుడు కాదు. పిలిపించింది రాజకీయ నాయకులు. ఎన్నికలే వాయిదా పడి ఉన్నప్పుడు, ఎన్నికల కమిషనర్ని ఇంకో రాష్ట్రం నుంచి అంత హడావిడిగా తీసుకురావాల్సిన పనేముందో నాకిప్పటికీ అర్థం కాదు. మే 29న హైకోర్టు, ముందున్న కమిషనర్ని తప్పించిన ఆర్డినెన్సునే కొట్టేసింది.

ఇక మే 25.

చంద్రబాబు నాయుడు లాక్‌డౌన్ మొదలైనప్పుడు హైదరాబాద్‌లో ఉన్నారు. రెండు నెలలు ఇక్కడే ఉండిపోయారు. ఆలోచించండి, 1998 నవంబరులో వాజ్‌పేయి గారిని తీసుకొచ్చి సైబర్ టవర్స్ ప్రారంభం చేయించిన మనిషి. ఆ బిల్డింగ్ చుట్టూ పెరిగిన ఉద్యోగాల కోసమే కంచికచర్ల అమ్మాయి మా ఎదురింటికొచ్చింది. ఇప్పుడు ఆయనా ఆ అమ్మాయీ ఇద్దరూ ఈ ఊళ్ళోనే చిక్కుకున్నారు, ఆయన జూబ్లీహిల్స్‌లో, ఆమె అయ్యప్ప సొసైటీలో. కష్టకాలంలో ప్రతిపక్ష నాయకుడు పక్క రాష్ట్రంలో కూర్చున్నాడని వైయస్సార్ కాంగ్రెస్ వాళ్ళు రోజూ ఎత్తిపొడిచేవారు. మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. ఆయన వెళ్ళలేకపోయారు. విమానాలు మళ్ళీ మొదలయ్యే మే 25న విశాఖ వెళ్దామనుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో విమానాలు ఒక రోజు ఆలస్యంగా మొదలయ్యాయి. దాంతో అనుమతి తీసుకుని రోడ్డు మీదే బయలుదేరారు.

అనుమతి తీసుకున్నారు. ఆ మాట రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు కేకల్లో అది ఎవరికీ వినపడలేదు. ఆయన దగ్గరా కాగితం ఉంది. డీజీపీకి దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్న కాగితం. నియమాలు పెట్టింది ఆయన కాదు, అప్పుడాయన ప్రతిపక్షం.

మరి గొడవెక్కడొచ్చింది? అదే హైవే, అదే గరికపాడు. చెక్‌పోస్టు దాటగానే పార్టీవాళ్ళు కార్లతో, జెండాలతో ఎదురొచ్చారు. జగ్గయ్యపేట దగ్గర, నందిగామ వైపు, కంచికచర్ల వైపు, దారి పొడుగునా జనం. అంతకు నెల ముందే డెబ్భై నిండిన మనిషి. అరవైఐదు దాటినవాళ్ళు ఇల్లు కదలొద్దని కేంద్రం చెప్పిన రోజులవి. కారాపి నమస్కారం పెట్టారు. కాగితం ప్రయాణానికి ఇచ్చారు, ఊరేగింపుకి కాదు అన్నారు అధికారపార్టీవాళ్ళు. పోలీసులకి ఫిర్యాదులు వెళ్ళాయి, వ్యవహారం హైకోర్టు గుమ్మం తొక్కింది. తమ ఎమ్మెల్యేల మీద పూలు, ట్రాక్టర్ల కేసు ఒకవైపు నడుస్తుండగానే ఈ ఫిర్యాదు. నిన్నటిదాకా కనగరాజ్ గారి ప్రయాణం గురించి అడిగిన పార్టీ, ఇవాళ జవాబు చెప్పాల్సొచ్చింది. నిన్నటిదాకా జవాబు చెప్పిన పార్టీ, ఇవాళ అడుగుతోంది.

మన దగ్గర ఇలాంటి ఆరోపణ ఎలా నడుస్తుందో గమనించారా? ఎదుటివాడి కారు కదిలితే నియమం గుర్తొస్తుంది. మనవాడి కారు కదిలితే ప్రజాసేవ గుర్తొస్తుంది. రెండు రోజుల తర్వాత చంద్రబాబు గారి తెలుగుదేశం పార్టీ మహానాడు మొత్తం జూమ్‌లో జరిపింది. అంటే మనుషులు కలవకుండా పని నడపడం వాళ్ళకి చేతకానిదేం కాదు.

ఒక విచిత్రం చెప్తాను. సరిగ్గా అదే మే 25వ తేదీ, లండన్‌లో బ్రిటన్ ప్రధానమంత్రి నివాసం వెనక గులాబీ తోటలో ఒకాయన బల్ల వేసుకుని కూర్చుని విలేకరులకి సంజాయిషీ చెప్పుకున్నారు. పేరు డొమినిక్ కమింగ్స్. ప్రధానమంత్రి బోరిస్ జాన్సన్‌కి ముఖ్య సలహాదారు. ఇళ్ళు కదలొద్దని దేశానికి చెప్పిన ఆఫీసులో మనిషి. మార్చి చివర్లో భార్యకి ఒంట్లో బాగోలేకపోతే, పిల్లాణ్ణి తీసుకుని 260 మైళ్ళ దూరంలో ఉన్న తల్లిదండ్రుల ఊరికి కారులో వెళ్ళారు. అంతవరకు సరే, పిల్లాడి గురించి బెంగ ఎవరికైనా ఉంటుంది. ఏప్రిల్ 12న అక్కణ్ణుంచి ఇంకో ముప్ఫై మైళ్ళు, బార్నార్డ్ కాసిల్ అనే అందమైన ఊరికి వెళ్ళొచ్చారు. ఎందుకండీ అంటే, జబ్బు తర్వాత చూపు సరిగా ఉందో లేదో, లండన్ దాకా బండి నడపగలనో లేదో చూసుకోవడానికి అన్నారు. చూపు ఆనుతుందో లేదో తెలియని మనిషి, పెళ్ళాం బిడ్డల్ని ఎక్కించుకుని కారు నడిపి పరీక్ష చేసుకున్నాడన్నమాట! మా నాన్నగారైతే, అబద్ధం చెప్పినా అతికినట్టుండాలిరా అనేవారు.

స్కాట్లండ్‌లో ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి కేథరిన్ కాల్డర్‌వుడ్, ఇంట్లోనే ఉండండి అని టీవీ ప్రకటనల్లో చెప్పిన ఆవిడే, రెండు వారాంతాలు తమ రెండో ఇంటికి వెళ్ళారు. ఏప్రిల్ 5న రాజీనామా చేశారు. న్యూజిలాండ్ ఆరోగ్యమంత్రి డేవిడ్ క్లార్క్, ఇంటివాళ్ళతో 20 కిలోమీటర్ల దూరంలోని బీచికి వెళ్ళానని ఒప్పుకుని తనను తానే తిట్టుకున్నారు. వెంటనే హోదా తగ్గించారు, జులైలో పదవి వదిలారు. 20 కిలోమీటర్లండీ! మనవాళ్ళ లెక్కలో అది ప్రయాణమే కాదు.

మన దగ్గర ఎవరూ రాజీనామా చెయ్యలేదు కాబట్టి మనం అధములం అని నేననను. కమింగ్స్ కూడా ఆ రోజు పదవి వదల్లేదు, నవంబరు దాకా ఉన్నారు. నా బాధ వేరే. అక్కడ అడిగిన ప్రశ్న, నువ్వు వెళ్ళావా లేదా అని. ఇక్కడ అడిగిన ప్రశ్న, నువ్వు ఏ పార్టీ అని. గరికపాడు దగ్గర రాత్రంతా కూర్చున్న పిల్లల్ని మధ్యలో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

అసలు ఏ కాగితమూ లేనివాళ్ళ సంగతి? మన గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అద్దాల మేడలు కట్టే కూలీలు. జార్ఖండ్, ఒడిశా, బీహార్ వాళ్ళు. క్రేన్లు ఆగిపోయాయి, రేకుల షెడ్లలో వాళ్ళు ఆగిపోయారు. పాసు ఎవరిని అడగాలో కూడా తెలియదు. కంది దగ్గర ఐఐటీ కట్టడానికి వచ్చిన కూలీలు ఏప్రిల్ చివర్లో, జీతాలివ్వండి, ఇళ్ళకి పంపండి అని తిరగబడ్డారు. మే 1 తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, మన లింగంపల్లి స్టేషన్ నుంచి దాదాపు 1200 మందితో ఒక రైలు జార్ఖండ్‌లోని హతియాకి కదిలింది. లాక్‌డౌన్‌లో దేశం మొత్తానికి అదే మొదటి వలస కూలీల రైలు. డప్పుల్లేవు, పూలు లేవు. బెర్తుకింత దూరం అని లెక్కపెట్టి కూర్చోబెట్టారు. నియమం అక్షరాలా పాటించిన ప్రయాణం ఏదైనా ఉందంటే, నాకు తెలిసి అదొక్కటే.

మరుసటి ఏడాది బొమ్మ తిరగబడింది. 2021 ఏప్రిల్ 14న నాగార్జునసాగర్ ఉప ఎన్నికకి హాలియాలో కేసీఆర్ బహిరంగ సభ పెట్టారు. మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని ఆయన ప్రభుత్వమే చెప్పిన రోజులు. అన్ని పార్టీలూ ప్రచారం చేశాయి, ఒక్కరిననడం ధర్మం కాదు. 19వ తేదీన ముఖ్యమంత్రికే పాజిటివ్ వచ్చింది. మే నెలలో అదే విజయవాడ హైవే మీద, ఈసారి ఇవతలి వైపు, రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర, అటు కర్నూలు దారిలో పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర, హైదరాబాద్ ఆసుపత్రులకొచ్చే అంబులెన్సుల్ని తెలంగాణ పోలీసులు ఆపారు. ఏం కావాలన్నారో తెలుసా? కాగితం. ఆసుపత్రిలో పడక ఉందన్న కాగితం, కంట్రోల్ రూము అనుమతి కాగితం. లోపల ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అవుతుంటే బయట కొడుకు ఫోన్లు చేస్తున్నాడు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుని ఆపింది.

మళ్ళీ ఆ మే 25 సాయంత్రానికి వస్తాను.

మా ఎదురింటి అమ్మాయి ఆ రెండు నెలలూ దాదాపు మా ఇంట్లోనే తిన్నది. హాస్టల్లో తొమ్మిది మంది మిగిలారు. మెస్ మళ్ళీ తెరిచారు గానీ, రెండు పూటలా పప్పు చారే. పగలంతా ల్యాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేది. సాయంత్రం మా ఇంటికొచ్చి గిన్నెలు సర్దేది. ఆ రోజు మామిడికాయ పప్పు వండాను. టీవీలో చంద్రబాబు గారి కాన్వాయ్ చూపిస్తున్నారు. కింద అక్షరాల్లో ఒక ఛానల్ ఘనస్వాగతం అని, ఇంకో ఛానల్ నిబంధనలు తుంగలోకి అని. మా ఆయన రిమోట్‌తో అటూ ఇటూ తిప్పుతున్నారు.

అమ్మాయి కంచం పట్టుకుని నిలబడిపోయింది. కోపంగా ఏదో అంటుందేమో అనుకున్నాను. వాళ్ళింట్లో అందరూ సైకిల్ గుర్తు వాళ్ళే మరి, నోరు మెదపలేదేమో అని కూడా అనుకున్నాను.

"ఆంటీ, ఆ డివైడర్ చూడండి" అంది. "ఆ బారికేడ్ పక్కనున్నది. ఆ రాత్రి మేం నలుగురం కూర్చుంది దాని మీదే. మీరిచ్చిన పులిహోర అక్కడే తిన్నాం."

మా ఆయన ఛానల్ మార్చడం ఆపారు. అప్పటికే కారు ముందుకెళ్ళిపోయింది, కెమెరా దాని వెనకాలే వెళ్ళింది.